జలుబు, దగ్గు: ఇంట చేయదగిన ఉపచారము, ఆసుపత్రికి పోవలసిన గుఱుతులు



కార్తికము దాటి మంచు కురియ నారంభించిన నాటినుండి సంక్రాంతి వెళ్లువఱకు మన గ్రామములలో జలుబు, దగ్గు చొరని ఇల్లు అరుదు. వరికోతలు, కుప్పలు, నూర్పులు, మినుము పెసర చల్లుట మున్నగు పనులన్నియు ఈ దినములలోనే వచ్చును. ఇంటిలో ఒకరు మూలుగుచు పండుకొన్నచో, వారికి కాపుగా మఱియొకరు ఉండవలెను. అనగా రెండు దినకూలీలు పోవును. అంతటితో తీఱిన బాగుండును. పట్టణమునకు బండి కిరాయి, సూదిమందు, సెలైను సీసా, నాలుగు రంగుల బిళ్లలు, దగ్గు సిరపు, వీనిక్రింద ఎరువులకై సంఘమునుండి తీసికొన్న సొమ్ములో కొంత కరగిపోవుట నేను పొలములు తిరుగునపుడు తఱుచుగా చూచుచున్నాను. మఱియొకవైపున, నిజముగా ఆసుపత్రికి కొనిపోవలసిన పసిబిడ్డను "పడిశమే కదా" యని రెండు మూడు దినములు ఇంటనే యుంచి, ప్రాణముమీదికి తెచ్చుకొనువారును గలరు. అక్కఱలేనిచోట ఖర్చు, అక్కఱయైనచోట ఆలస్యము! ఈ రెండు నష్టములును ఒకే అజ్ఞానమునుండి పుట్టుచున్నవి. ఏ దగ్గు ఇంటిలో మానును, ఏది మానదు అను భేదమును నేర్చుకొనుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

వ్యవసాయము చెప్పవలసినవాడు వైద్యము చెప్పుటేల యని మీరడుగవచ్చును. చేనిలో తెగులును గుర్తించుట, దానికి తగిన మందునే తగిన కొలతలో వాడుట, అక్కఱలేని మందు కొట్టకుండుట, ఇవి మీరు ఎఱిగిన విద్యలే. ఆ విద్యనే ఇంటిలోనికి తెచ్చుటకంటె నేనిచ్చట అధికముగా చేయబోవునది లేదు.

1. పడిశము ఎట్లు వచ్చును?

చలిగాలి తగిలినందున, వానలో తడిసినందున, పెరుగు తిన్నందున, నీళ్లు మాఱినందున పడిశము వచ్చునని మనవారి నమ్మకము. వాస్తవమునకు పడిశము అంటువ్యాధి. వైరసులు అను అత్యంత సూక్ష్మమైన వ్యాధికారకములు ముక్కులోను, గొంతులోను ప్రవేశించి ఈ బాధను కలిగించును. ఇట్టివి రెండువందలకు పైగా రకములు గలవు. వానిలో రైనోవైరసు జాతివి అధికము. ఒక రకము వచ్చి పోయినను మఱియొక రకము రావచ్చును గనుక పెద్దవారికి ఏటికి రెండు మూడుమాఱులు, చిన్నపిల్లలకు అంతకంటె ఎక్కువమాఱులు పడిశము పట్టుట వింతగాదు. చలికాలమున మనము తలుపులు బిగించుకొని ఒకేచోట గుమిగూడి పండుకొందుము. అందువలన ఒకరినుండి మఱియొకరికి అంటుట సులభమగును. చలిగాలి ముక్కులోని రక్షణశక్తిని కొంత తగ్గించుటయు గలదు. కాని వైరసు లేనిదే చలియొక్కటే పడిశమును పుట్టింపజాలదు. విత్తనము లేనిదే పదునైన దుక్కియొక్కటే మొలకను పుట్టింపజాలనట్లే.

దగ్గినపుడును, తుమ్మినపుడును వెలువడు తుంపురులవలనను, చీదిన చేతులతో తాకిన చెంబు, తువ్వాలు, తలుపు గడియ మున్నగువానివలనను ఇది వ్యాపించును. అంటిన ఒకటి మొదలు మూడు దినములలో ముక్కు కాఱుట, గొంతు గరగర, తుమ్ములు ప్రారంభమగును. మొదటి రెండు మూడు దినములు బాధయు, ఇతరులకు అంటించు శక్తియు అధికముగా నుండును. ఏడుమొదలు పది దినములలో పడిశము తనంతట తానే తగ్గును. పొడిదగ్గు మాత్రము కొందఱికి మూడు వారములవఱకు నిలువవచ్చును. మందు వేసికొన్న వారము, వేసికొననిచో ఏడు దినములు అని మన పెద్దలు హాస్యమునకు చెప్పుమాటలో సత్యమే గలదు. చీమిడి మొదట నీళ్లవలె నుండి, తరువాత చిక్కబడి పసుపుగనో ఆకుపచ్చగనో మాఱుట ఈ వ్యాధి నడకలో సహజము. రంగు మాఱినంతమాత్రమున వ్యాధి ముదిరెనని భయపడవలదు.

ఇన్‌ఫ్లూయెంజా జ్వరము వేఱు. అది ఒక్కసారిగా మీదపడి, అధికజ్వరము, ఒళ్లునొప్పులు, తలనొప్పి కలిగించి మనుష్యుని పడుకోబెట్టును. అధిక సంఖ్యాకులకు ఇదియు ఇంటనే మానునుగాని వృద్ధులకును, గర్భిణులకును, దీర్ఘవ్యాధులు గలవారికిని అపాయకరము. 1918 లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా మన దేశమున కోటికి పైగా ప్రాణములను గొనిపోయినది. 2020 లో ప్రబలిన కోవిడ్ సంగతి మీరందఱును కన్నులార చూచినదే. కావున శ్వాసకు సంబంధించిన వ్యాధిని చూచి బెదరవలదు. అట్లని పూర్తిగా అలక్ష్యము చేయనువలదు.

2. ప్రతి దగ్గునకును యాంటిబయాటిక్ కూడదు

వరిలో అగ్గితెగులు శిలీంధ్రమువలన వచ్చును, సుడిదోమ పురుగు. అగ్గితెగులు సోకిన మడిలో దోమమందు కొట్టిన తెగులు పోవునా? మందు దండుగ, కూలి దండుగ, చేనిలోని సాలీళ్లు మున్నగు మిత్రకీటకములు చచ్చుట అదనపు నష్టము. యాంటిబయాటిక్ మందులు బాక్టీరియా అను సూక్ష్మజీవులను చంపునుగాని వైరసులను ఏమియు చేయజాలవు. పడిశము వైరసువలన వచ్చినది. కావున పడిశమునకు ఈ బిళ్లలు మ్రింగుట అగ్గితెగులునకు దోమమందు కొట్టుటవంటిదే. అంతేగాక, కడుపులో మనకు మేలుచేయు సూక్ష్మజీవులు నశించి విరేచనములు కలుగవచ్చును.

ఈ మందులు స్వల్పమైనవని నా భావము కాదు. మన భీమవరమున 1895 లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున పరిశోధనలకు అధ్యక్షులుగా నున్న కాలమున, అచ్చటనే పనిచేయుచుండిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను యాంటిబయాటిక్‌ను కనుగొనెను. అది 1948 లో లోకమునకు వెల్లడియయ్యెను. దానినిచ్చిన సూక్ష్మజీవి దొరకినది ఎచ్చటననుకొన్నారు? మిస్సోరి విశ్వవిద్యాలయమువారి సాన్‌బర్న్ అను వ్యవసాయ ప్రయోగక్షేత్రపు మట్టిలో! రైతు కాలిక్రింది మట్టినుండి వచ్చిన ఇట్టి మందులు న్యుమోనియా వంటి బాక్టీరియా వ్యాధులలో లక్షల ప్రాణములను నిలిపినవి. అట్టి ఆయుధమును పడిశముమీద వ్యర్థపఱచినచో ఏమగును?

ప్రత్తిరైతులు దీనికి సమాధానమెఱుగుదురు. పైరిత్రాయిడు మందులు క్రొత్తగా వచ్చినపుడు శనగపచ్చ పురుగు ఒక్క పిచికారీకే రాలెడిది. కొట్టినమీద కొట్టగా, 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో ఆ పురుగు మందునకు లొంగకపోయెను. పంట పోయి, అప్పు మిగిలెను. మన శరీరములోని బాక్టీరియాయు ఇట్లే మందునకు అలవాటుపడును. రేపు బిడ్డకు నిజముగా న్యుమోనియా వచ్చిననాడు ఆ మందు పనిచేయకపోవచ్చును. కావున వైద్యుడు పరీక్షించి వ్రాసియిచ్చిననాడే యాంటిబయాటిక్ వాడవలెను. వ్రాసినన్ని దినములును వాడవలెను. మిగిలిన బిళ్లలను దాచి పొరుగువారికి ఈయరాదు. "ఒక సూది వేయుడు, ఒక సీసా ఎక్కించుడు" అని మనమే వైద్యుని నిర్బంధించుట మఱియు అవివేకము. నోట నీరు త్రాగగలవానికి సెలైను సీసా చేయు ప్రత్యేకోపకారము లేదు.

3. ఇంట చేయదగిన ఉపచారము

(1) విశ్రాంతి. మొదటి రెండు మూడు దినములు పొలముపని మానుట మంచిది. జ్వరముతో మడిలో దిగినవాడు ఒక దినపు కూలి సంపాదించి నాలుగు దినముల కూలి పోగొట్టుకొనును.

(2) నీరు, ఆహారము. గోరువెచ్చని నీరు, గంజి, రాగిజావ, పలుచని పప్పుకట్టు, మిరియాల చారు మాటిమాటికి ఈయవలెను. "లంఖణం పరమౌషధం" అను సామెతను పట్టుకొని పిల్లలను, వృద్ధులను పస్తుంచరాదు. ఆకలి మందగించినపుడు కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మానిపింపరాదు. ముక్కు దిబ్బడవలన బిడ్డ ఎక్కువసేపు త్రాగలేదు గనుక తక్కువ తక్కువగా ఎక్కువమాఱులు ఈయవలెను. పెరుగు, మజ్జిగ, అరటిపండు పడిశమును పెంచునను భయము నిరాధారము. రోగికి ఇష్టమైనచో పెట్టవచ్చును.

(3) పుక్కిలింత. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి దినమునకు మూడు నాలుగుమాఱులు గొంతు పుక్కిలించినచో గరగర తగ్గును. పుక్కిలించి ఉమియలేని చిన్నపిల్లలకు ఇది పనికిరాదు.

(4) ముక్కు దిబ్బడ. చంటిబిడ్డకు, కాచి చల్లార్చిన ఒక పెద్ద గ్లాసు (240 మిల్లీలీటర్లు) నీటిలో టీచెంచాతో పావు చెంచా ఉప్పు కరగించి, శుభ్రమైన పింగాణీతోగాని, మందు చుక్కల గొట్టముతోగాని ఒక్కొక్క ముక్కురంధ్రమున రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డ కొనతో తుడువవలెను. పాలు పట్టుటకు ముందు ఇట్లు చేసిన బిడ్డ సుఖముగా త్రాగును. ఈ నీటిని ఏ దినమునకాదినము క్రొత్తగా చేసికొనవలెను.

(5) తేనె. ఏడాది నిండిన బిడ్డకు రాత్రి పండుకొనుటకు ముందు అరచెంచా మొదలు ఒక చెంచా తేనె ఇచ్చినచో దగ్గు తెఱపి యిచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపనేరాదు. అందులో నొకప్పుడుండు ఒక సూక్ష్మజీవి పసిబిడ్డలకు కండరములు చచ్చుబడు ఘోరవ్యాధిని కలిగింపగలదు.

(6) పెద్దలకు అల్లపు కషాయము, తులసినీరు, మిరియములు పసుపు వేసిన పాలు గొంతునకు హాయినిచ్చును. ఇవి వ్యాధిని ఛేదించునని కాదు. వెచ్చని ద్రవము లోనికి పోయి బాధ నుపశమింపజేయును. అదియే చాలును.

(7) ఆవిరి. పెద్దవారు ఆవిరి పట్టదలచినచో గిన్నెను పొయ్యిమీదినుండి దింపి, కదలని బల్లపైనుంచి, దూరముగా కూర్చుండి పట్టవలెను. పిల్లలకు ఆవిరి పట్టవలదు. మఱగునీరు ఒలికి కాలినవారి బాధ పడిశపు బాధకంటె వేయిరెట్లు.

(8) జ్వరము, ఒళ్లునొప్పులు. ఇందుకు పారాసిటమాల్ చాలును. పెద్దవారికి 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, అవసరమైనచో ఆఱేసి గంటల ఎడమున ఈయవచ్చును. ఏ స్థితిలోను దినమునకు 4 గ్రాములు, అనగా ఎనిమిది బిళ్లలు, దాటరాదు. కాలేయవ్యాధి గలవారును, నిత్యము మద్యము త్రాగువారును వైద్యుని అడిగియే వాడవలెను. అంగడిలో అమ్ము జలుబు బిళ్లలలో అనేకమున పారాసిటమాల్ ముందే కలిసియుండును. ఆ బిళ్లయు ఈ బిళ్లయు కలిపి మ్రింగినచో కొలత రెట్టింపగును. పిల్లలకు కొలత బరువునుబట్టి యుండును: కిలో బరువునకు ఒక మోతాదున 10 మొదలు 15 మిల్లీగ్రాములు. చుక్కలమందు చిక్కనిది, సిరపు పలుచనిది. సిరపు కొలత ప్రకారము చుక్కలమందు పోయుట విషతుల్యము. పురుగుమందు డబ్బామీది చీటీ చదివి కొలిచినట్లే దీనిని గూడ చదివి కొలువవలెను. చీటీ అర్థము కానిచో ఆశా కార్యకర్తను అడుగవలెను. పదునాఱేండ్లలోపు పిల్లలకు జ్వరమునకై ఆస్పిరిన్ ఈయరాదు.

4. మానుకొనవలసిన పనులు

పిల్లలకు దగ్గు సిరపులు కొనిపోయుట మానవలెను. అవి పసిపిల్లల దగ్గును మాన్పజాలవు; హాని మాత్రము చేయగలవు. 2025 లో మధ్యప్రదేశములోని చింద్వారా జిల్లాలో, డైఎథిలిన్ గ్లైకాల్ అను విషద్రవ్యము కలిసిన దగ్గు సిరపు త్రాగి అనేకులు పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ యేడు అక్టోబరు నెలలో కేంద్ర ఆరోగ్యశాఖవారు రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరపులు ఈయరాదనియు, అయిదేండ్లలోపువారికి సామాన్యముగా తగవనియు తెలిపిరి.

పసిబిడ్డ ముక్కులో ఆముదముగాని కొబ్బరినూనెగాని చుక్కలు వేయుట మన పల్లెలలో ఇంకను గలదు. ఆ నూనె గాలిగొట్టములో దిగి ఊపిరితిత్తులలో నిలిచి, మందునకు లొంగని న్యుమోనియా కలిగించును. స్నానము చేయించినవెంటనే సాంబ్రాణి పొగలో బిడ్డను పట్టుటయు ఊపిరికి చేటే. కర్పూరము కలిపిన నూనెను రెండేండ్లలోపు పిల్లలకు రాయరాదు. కర్పూరము కడుపులోనికి పోయిన మూర్ఛలు వచ్చును. గాలి చేసినదని, దిష్టి తగిలినదని బిడ్డ పొట్టపై వాతలు పెట్టుట క్రౌర్యము. దానివలన ఊపిరితిత్తులలోని వ్యాధి పోదు సరికదా, కాలిన పుండు చీము పట్టి రెండవ వ్యాధి యగును.

5. బిడ్డ ఊపిరి లెక్కించుట

ఈ పాఠమున అన్నిటికంటె ముఖ్యమైన భాగమిది. దీనిని తల్లులు, అవ్వలు, పెద్దపిల్లలు గూడ నేర్చుకొనవలెను. చదువు రానివారును చేయగలరు.

సామాన్యమైన పడిశము ముక్కులోను గొంతులోను ఉండును. న్యుమోనియా ఊపిరితిత్తులలో దిగును. ఊపిరితిత్తులలో చెడుగు చేరినపుడు బిడ్డకు గాలి చాలదు. అందువలన వేగముగా ఊపిరి పీల్చును. ఈ వేగమే న్యుమోనియాయొక్క మొదటి గుఱుతు. గొట్టము పెట్టి చూచు వైద్యుడు రాకముందే మనము దీనిని కనిపెట్టవచ్చును.

పద్ధతి: బిడ్డ ఏడ్వక, పాలు త్రాగక, నెమ్మదిగా నున్నపుడు, వీలైనచో నిద్రించుచున్నపుడు, చొక్కా పైకెత్తి పొట్టను చూడవలెను. పొట్ట ఒకమాఱు పైకి లేచి దిగిన ఒక ఊపిరి. గడియారము చూచి నిండుగా ఒక నిమిషము లెక్కింపవలెను. ఒకరు గడియారము చూచుచుండగా మఱియొకరు లెక్కించుట మేలు. పావు నిమిషము లెక్కించి నాలుగుతో హెచ్చించుట పనికిరాదు. మొలక పరీక్షకు నూఱు గింజలు పోయుమన్నచోట పది గింజలు పోసి లెక్కకట్టినట్లగును. ఎక్కువ వచ్చినచో మఱల ఒకమాఱు లెక్కించి సరిచూడవలెను.

వేగముగా ఊపిరి పీల్చుచున్నదని ఎప్పుడు చెప్పవలెను?

రెండు నెలలు నిండని బిడ్డకు: నిమిషమునకు 60 గాని, అంతకు మించిగాని.
రెండు నెలలు మొదలు ఏడాది లోపు బిడ్డకు: 50 గాని, అంతకు మించిగాని.
ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు: 40 గాని, అంతకు మించిగాని.

ఉదాహరణము: పదునాలుగు నెలల బిడ్డకు దగ్గు, కొంచెము జ్వరము గలవనుకొందము. ఊపిరి లెక్క 34 వచ్చినది; పాలు త్రాగుచున్నది, ఆడుచున్నది. ఇది ఇంటి ఉపచారముతో మానదగినది. మఱునాడు ఉదయమున లెక్క 46 వచ్చినది. బిడ్డ ఇంకను నవ్వుచునే యున్నను ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు కొనిపోవలెను. అచ్చట తగిన యాంటిబయాటిక్ ఆరంభించినచో సామాన్యముగా ఆసుపత్రిలో చేరవలసిన పనిలేకయే కోలుకొనును. ఇదే లెక్క తొమ్మిదినెలల బిడ్డకు వచ్చియుండినచో, ఆ వయస్సునకు 50 హద్దు గనుక, ఇంటనే కనిపెట్టి చూడవచ్చును. కావున వయస్సును మఱువరాదు.

లెక్కయే అవసరములేని గుఱుతులు కొన్ని గలవు. ఊపిరి పీల్చునపుడు ప్రక్కటెముకల క్రింది భాగము లోనికి గుంటపడుట, దీనినే మనవారు డొక్కలెగురవేయుట యందురు, పాలుగాని నీరుగాని త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, మూర్ఛలు, పిలిచినను కన్ను తెఱవని మగత, పెదవులు, నాలుక నీలిరంగు తిరుగుట, నెమ్మదిగా నున్నపుడు గూడ ఊపిరిలో గురగుర, కీచుమను శబ్దము. వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువఱకు ఆగరాదు. 108 కు టెలిఫోను చేసి బండిని పిలిపింపవలెను. రెండు నెలలలోపు శిశువునకు జ్వరము వచ్చినను, ఒళ్లు చల్లబడినను, పాలు మానినను ఇంటి ఉపచారము లేనేలేదు, ఆసుపత్రియే.

6. పెద్దవారి విషయమున

పెద్దవారిలో ఈ క్రింది చిహ్నములు కనబడినచో వైద్యుని చూడవలెను: మూడు దినములు దాటిన జ్వరము, తగ్గినట్లే తగ్గి మఱల వచ్చిన జ్వరము, ఊపిరి పీల్చినపుడు రొమ్ములో పోటు, మాటలాడుచు మధ్యలో ఆయాసపడుట, కఫములో రక్తము, మాట తడబడి మతి తప్పినట్లుండుట. వృద్ధులలో న్యుమోనియా ఒక్కొక్కమాఱు జ్వరము లేకయే, కేవలము మగతతోను, అన్నము మానుటతోను వచ్చును. కోవిడ్ కాలమున అనేక గృహములలో వ్రేలికి తగిలించు ఆక్సిజన్ కొలమాని కొనియుంచిరి. అది 94 కంటె తక్కువ చూపినచో వైద్యసలహా పొందవలెను. 90 కంటె తక్కువైనచో వెంటనే ఆసుపత్రి. చేయి చల్లగా నున్నను, గోరంటాకు పండిన గోరున్నను లెక్క తప్పవచ్చును గనుక చేయి వెచ్చచేసి, వేఱు వ్రేలికి తగిలించి సరిచూడవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, మధుమేహము గలవారును, గర్భిణులును, అఱువదియేండ్లు దాటినవారును జ్వరముతో గూడిన దగ్గు వచ్చినపుడు మొదటి రెండు దినములలోనే వైద్యునికి చూపించుకొనుట మంచిది. ఇన్‌ఫ్లూయెంజాకు గల మందు మొదటి 48 గంటలలో ఆరంభించినపుడే బాగుగా పనిచేయును.

7. పడిశముకాని దగ్గులు

రెండువారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రి చెమటలు క్షయకు గుఱుతులు. కఫపరీక్షయు, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. చికిత్సాకాలమున పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసిరి. ఇందు సిగ్గుపడవలసినది లేదు; దాచినందువలననే ఇంటిల్లిపాదికి అంటును.

బూజు పట్టిన గడ్డిని, తడిసి వేడెక్కిన ధాన్యమును కదల్చిన దినముననే, నాలుగుమొదలు ఎనిమిది గంటలలో దగ్గు, చలిజ్వరము, ఆయాసము వచ్చి, ఆ పని మానిన తగ్గి, చేసిన మఱల వచ్చుచున్నచో, అది పడిశము కాదు. బూజుధూళి ఊపిరితిత్తులకు పడకపోవుట. ఇట్టివారు ఆ పని మానుటయో, మూతికి గట్టి మాస్కు ధరించుటయో చేసి వైద్యునికి ఆ వృత్తాంతమంతయు చెప్పవలెను.

పురుగుమందు కొట్టిన దినమున రొమ్ము బిగించి దగ్గు వచ్చి, నోట చొల్లు, కంట నీరు, చెమటలు, వాంతులు, కంటిపాపలు చిన్నవగుట, కండరములు అదరుట కనబడినచో, అది విషము. బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. జలుబు బిళ్ల ఇచ్చి కూర్చుండిన ప్రాణము దక్కదు.

గొంతులో బూడిదరంగు పొర, మెడవాపు కనబడినచో కంఠసర్పియని అనుమానింపవలెను. తెఱపిలేక దగ్గి దగ్గి చివర కూతవలె ఊపిరి లాగినచో కోరింతదగ్గు. ఇవి రెండును టీకాలతో ఆపదగినవి. వచ్చినచో ఆసుపత్రిలోనే చికిత్స.

8. రాకుండ చేసికొనుట

దగ్గునపుడు అరచేయి గాక మోచేతి మడత అడ్డము పెట్టవలెను. చీదిన తరువాతను, బిడ్డకు అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో ఇరువది సెకండ్లు చేతులు కడుగవలెను. రోగి తువ్వాలు, చెంబు వేఱుగా నుంచవలెను. ఒకరు త్రాగిన చుట్ట, బీడీ మఱియొకరు అందుకొనుట మానవలెను. పండుకొను గదికి గాలి ఆడు కిటికీ తెఱచియుంచవలెను. కట్టెలపొయ్యి పొగ, చుట్టపొగ నిండిన ఇంట పెరుగు బిడ్డకు న్యుమోనియా భయము అధికము. వంట చేయుచు చంటిబిడ్డను ఒడిలో నుంచుకొనరాదు.

అన్నిటికి మించినది టీకా. న్యుమోనియాకు ముఖ్యకారణమైన న్యుమోకాకస్ అను బాక్టీరియాకు ఎదురుగా టీకాను 2017 లో కొన్ని రాష్ట్రములలో ప్రారంభించి, 2021 లో దేశమంతటికి విస్తరింపజేసిరి. ఆఱువారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు ఇది ఉచితముగా వేయుదురు. విత్తనశుద్ధి చేయక విత్తి, తెగులు వచ్చిన తరువాత మందులకై పరుగెత్తు రైతును మనము మెచ్చుకొనము. బిడ్డ టీకా కార్డు విషయమునను అంతే.

9. సంఘము చేయదగిన పని

మన సహకారసంఘము ఎరువులు, విత్తనములు, అప్పులు చూచుటతోనే తృప్తిపడరాదు. ప్రతి సంఘ కార్యాలయమునను ఒక జ్వరమానిని, ఒక ఆక్సిజన్ కొలమాని, సెకండ్ల ముల్లు గల ఒక గడియారము ఉంచుట పెద్ద ఖర్చు కాదు. ఊపిరి లెక్కల మూడు అంకెలను, 108 ను, ఉపకేంద్రపు నర్సు టెలిఫోను సంఖ్యను సున్నముతో గోడపై పెద్ద అక్షరములలో వ్రాయింపవలెను. వచ్చు నెల సభకు ఆశా కార్యకర్తను ఆహ్వానించి, సభ్యుల ఇండ్లలోని స్త్రీలకు ఊపిరి లెక్కించు పద్ధతిని చేసి చూపింపుమని కోరవలెను. ప్రదర్శనక్షేత్రమున కన్నులార చూచిన పద్ధతియే రైతు ఇంటికి పోవునని నా అనుభవము; ఇదియు అట్టిదే.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు: (1) మన యిండ్లలో గడచిన చలికాలమున జలుబునకై ఎంత ఖర్చైనది? అందులో అవసరమైనది ఎంత? (2) ఎనిమిదినెలల బిడ్డ నిమిషమునకు 52 మాఱులు ఊపిరి తీయుచున్నచో ఏమి చేయవలెను? (3) మన గ్రామమున ఏ బిడ్డలకు టీకాలు మిగిలియున్నవి? (4) రెండువారములు దాటిన దగ్గుతో ఇంకను పరీక్షకు పోనివారెవరైన నున్నారా?

రెండవ ప్రశ్నకు తడబడక సమాధానము చెప్పగల తల్లి ప్రతి ఇంటను ఉన్ననాడు ఈ పాఠము ఫలించినట్లు.

ఇట్లు,
వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు